నిప్పు చూడని బాదంపాలు

తెల్లవారి నమాజు చదువుకుని వచ్చి, హనీఫ్ తన బాదంపాల కొట్లో పొయ్యి మీద పాలు పెట్టాడంటే తెనాలిలో ఆ వీధి మొత్తానికీ తెల్లారినట్టే. ఆ రోజూ మామూలుగానే గరిటె తిప్పుతున్నాడు గాని, మనసు మాత్రం రేపల్లెలో ఉంది.

కిందటి వారం అక్కడ చుట్టాలింటికి వెళ్ళి, తెలిసినాయన శేషగిరిరావు కొట్లో సోడా అడిగాడు. ఆయన నవ్వుతూ ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసి చూపించాడు. దాని మీద తన ఫొటో! కింద ‘హనీఫ్ బాదంపాలు’ అని రాసి ఉంది. బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివి, అక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్న కూతురు సిమ్రాన్, పాలల్లో బాదం, వేరుశనగ ప్రోటీన్ కలిపి, కాచకుండానే ఏదో చేస్తోందని తెలుసు. తన బొమ్మ పెట్టి అమ్ముతోందని తెలియదు.

“ఇదీ మీరు కాచిందేగా భాయ్?”

“ఏం కాచింది! నిప్పే చూడలేదది. పచ్చిపాలు. పిల్లలకి మాత్రం పట్టకండి,” అనేసి, సోడా తాగకుండానే వచ్చేశాడు.

ఆ మాట ఊళ్ళు తిరిగింది. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికి వరండా నిండా అట్టపెట్టెలు. పక్కనే సిమ్రాన్.

“ఏంటివన్నీ?”

“కొట్లవాళ్ళు తిప్పి పంపినవి బాబా. పచ్చిపాలని మీరే చెప్పారటగా. కన్నతండ్రే అన్నాక ఇంకెవరు కొంటారు?”

“అబద్ధమా? కాచావా నువ్వు?”

“కాస్తే వేరుశనగ ప్రోటీన్ ముద్దలు కట్టేస్తోంది. అందుకే సీసాలకి మూత బిగించి, యంత్రంలో చుట్టూ నీళ్ళు నింపి ఒత్తిడి పెడతాం. సముద్రం అడుగున కూడా అంత ఒత్తిడి ఉండదు. జబ్బు చేసే క్రిములు దానికే చస్తాయి. పరీక్షలన్నీ చేయించాను. ఫ్రిజ్‌లో ఉంచితే ఏ భయమూ లేదు.”

“మరి నా ఫొటో ఎందుకు? నా పొయ్యిని చూపించి నీ యంత్రం సరుకు అమ్ముతావా? నన్నొక్క మాట అడిగావా?”

సిమ్రాన్ తల వంచుకుంది. “అడిగితే వద్దంటారని అడగలేదు. తప్పే. కానీ కోపమొస్తే నన్ను తిట్టాలి గాని, ఊరికి చెప్తారా? ఇక చెయ్యొద్దన్నారు ఫ్యాక్టరీ వాళ్ళు.”

వంటింట్లోంచి వచ్చిన ఖైరున్నీసా, ఇంట్లో ఫ్రిజ్‌లో దాచిన సీసా మూత తీసి భర్త చేతికిచ్చింది. “ఏవండీ, అన్ని మాటలన్నారుగా. ఒక్కసారైనా తాగి చూశారా?”

హనీఫ్ తాగాడు. కాచిన కమ్మదనం లేదు. కానీ బాదం అప్పుడే నూరినట్టుంది. పాలు చిక్కగా, నున్నగా గొంతులోకి జారాయి. ఇన్నేళ్ళలో తన చేతికి ఆ రుచి రాలేదు. ఖాళీ సీసా కిందపెట్టి, అన్నం తినకుండానే రేపల్లె బస్సెక్కాడు.

పాలు మంచివేనని హనీఫ్ చెప్పిందంతా విని, శేషగిరిరావు జాలిగా నవ్వాడు. “ఆడపిల్ల తండ్రి కదా, ఇప్పుడిలాగే అంటారులే భాయ్. కోపంలో వచ్చిందే అసలు మాట.”

ఒట్టేసి చెప్పినా లాభం లేకపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సిమ్రాన్ పెరట్లో సీసాలు ఒక్కొక్కటే కాలవలో ఒంపుతోంది.

“అయ్యో, అదేం పనమ్మా! వాసన బాగానే ఉందిగా. పనివాళ్ళకో, పక్కింటివాళ్ళకో ఇవ్వచ్చుగా.”

“ఫ్రిజ్ బయట, ఎండలో పడున్నాయి బాబా. బాగున్నట్టే ఉంటాయి. అయినా ఎవరికీ ఇవ్వకూడదు.”

హనీఫ్ ఆ సీసాల వైపు చూశాడు. పిల్లలకి పట్టకండని తాను ఊరంతా చాటింది ఇంత జాగ్రత్త ఉన్న ఈ పిల్ల చేసిన పాల గురించా?

మోకాళ్ళు నొక్కుకుంటూ ఆమె పక్కన కూర్చున్నాడు. “వాళ్ళు నమ్మలేదమ్మా,” అన్నాడు. “చెడగొట్టడానికి ఒక్క మాట చాలింది. బాగుచెయ్యడానికి ఎన్ని చెప్పినా చాల్లేదు.”

సిమ్రాన్ కళ్ళు తుడుచుకుని, ఒక పెట్టె అతని వైపు జరిపింది. తండ్రి మూతలు తీస్తుంటే కూతురు ఒంపుతూ పోయింది. చీకటిపడేదాకా ఆ పాలన్నీ కాలవలో తెల్లగా పారుతూనే ఉన్నాయి.