దీపాలు పెట్టినంక ఇచ్చిన నిప్పు

భజన అయిపోయింది. హారతి కళ్లకద్దుకున్నారు, ప్రసాదం తిన్నారు. ఇంక ఇళ్లకు పోవచ్చు కదా, పోరు. ముత్తెమ్మ ఏదో ఒకటి చెప్తుందని కూర్చుంటారు. సరే, దగ్గరికి జరగండి. చిన్న పిల్లలను ఒళ్లో పెట్టుకోండి. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, నేను పడ్డ భయం. మాహూర్ రేణుకమ్మ తల్లి సాక్షి.

ఇరవై ఐదేళ్ల కిందటి మాట. భోకర్ దగ్గర పల్లెలో మాది ఉమ్మడి సంసారం. మా బావ నాగనాథ్, ఆయన భార్య సుమిత్రాబాయి, మా ఇంటాయన, నేను, నా చంకలో పది నెలల బిడ్డ. మాహూర్‌లో మొక్కుకుంటే పుట్టింది, అందుకే రేణుక అని పేరు పెట్టుకున్నాం. ఒకనాడు మోట కొడుతుంటే ఎద్దు కాలు జారి బావిలో పడి చచ్చింది. మోట కొట్టింది మా ఇంటాయన. బావకేమో ఆ ఎద్దు కొడుకు లెక్క. మాట మీద మాట పెరిగింది, చేతుల దాకా వచ్చింది. పొద్దుగూకకముందే మా బట్టల మూట వాకిట్లో పడ్డది.

అన్నదమ్ములు వేరు పడితే మా ఇంటి పద్ధతి మీకు తెలుసు. పెద్ద పొయ్యిలోంచి నిప్పుకలు తీసి చిన్న కోడలి చేతికివ్వాలి. కొత్త పొయ్యి ఆ నిప్పుతోనే అంటుకోవాలి. ఎంత కొట్లాడుకున్నా అది మాత్రం ఇస్తారు. నేను కుండపెంకు పట్టుకొని పొయ్యి ముందర నిలబడ్డాను. మా యారాలు సుమిత్రాబాయి నా ముఖం చూసుకుంటూనే చెంబెడు నీళ్లు పొయ్యిలో కుమ్మరించింది.

"నా పొయ్యి నిప్పు నీకెందుకే," అన్నది. "ఎవరిస్తరో వాళ్లనే ఇయ్యనీ."

ఆ మాట గుర్తు పెట్టుకోండి.

ఉత్త పెంకు పట్టుకొనే బయలుదేరాను. ఉమ్రి బజారులో హమాలీ పని దొరకలేదు. రెండు రాత్రులు స్టేషన్ బయట చెట్టు కింద పడుకున్నాం. ఆ పెంకు పారేయవే, బరువు దండుగ అని మా ఇంటాయన ఎగతాళి చేసేవాడు. తల్లి నిప్పు ఇచ్చేనాడు పట్టుకోవడానికి ఏదన్నా ఉండాలా వద్దా అని నేను అనేదాన్ని. నవ్వేవాడు. పస్తుండి కూడా నవ్వేవాడు.

నాందేడ్‌లో నూనె దుకాణం రాధాకిషన్ సేటు మమ్మల్ని చూసి జాలి పడ్డాడు. గోదారికి దగ్గర ఒక గల్లీలో ఆయనదే ఒంటిగది పాత అర్ర ఒకటి ఉంటే, ఊడ్చుకొని ఉండమన్నాడు. ప్లేగు వచ్చి పోయి మూడేళ్లయింది. ఆ గల్లీలో చాలా ఇళ్లకు తాళాలే. గల్లీ మొదట సేటు ఇల్లు, చివరన మాది. మా గోడకు ఆనుకొని ఇంకొక ఇల్లు. దాని తాళం తుప్పు పట్టింది. తలుపు మీద సర్కారు వాళ్లు పెట్టిన ఎర్ర గుర్తు ఇంకా మాయలేదు. నేను పొద్దున్నే నా గడపకు అలుకు చల్లుకుంటూ వాళ్ల గడపకు కూడా చల్లేదాన్ని. ఎవరిదైతేనేం, గడపే కదా.

రోజూ తెల్లవారి సేటు భార్య ఉమాబాయి ఇంట్లో రెండు నిప్పుకలు అడుక్కొని తెచ్చుకునేదాన్ని. అగ్గిపెట్టె మా బోటివాళ్లకు ఎక్కడిది. ఎనిమిది రోజులు అట్ల గడిచాయి. తొమ్మిదో రోజు వాన పట్టింది.

మా ఇంటాయన పని వెతుక్కుంటూ నది అవతలికి పోయాడు. నీళ్లు పెరిగి నావ ఆగిపోయింది. బిడ్డకు పొద్దుటి నుంచి జ్వరం. సాయంత్రం కప్పు కారి, నీళ్లు ధారగా సరిగ్గా పొయ్యిలోనే పడ్డాయి. నిప్పు ఆరింది. ఉన్న బట్టలన్నీ తడిశాయి. బిడ్డ ఒళ్లు కాలుతున్నది, కాళ్లు మాత్రం చల్లబడుతున్నాయి. చూస్తుండగానే ఆ చలి మోకాళ్ల దాకా వచ్చింది.

బిడ్డను అర్రలో పడుకోబెట్టి, పెంకు పట్టుకొని ఉమాబాయి ఇంటికి ఉరికాను. అప్పటికే వాళ్ల గూట్లో దీపం వెలుగుతున్నది.

"అక్కా, రెండు నిప్పుకలియ్యి. పిల్ల సల్లబడ్తున్నది."

"తెలిసే అడుగుతున్నవా ముత్తెమ్మా? దీపాలు పెట్టినంక నిప్పు ఎవరన్న ఇస్తరా? లక్ష్మి ఎల్లిపోతది. తెల్లారి రా."

పోనీ బిడ్డను మీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుంటానన్నాను. జ్వరం అన్న మాట వినగానే ఆమె చెయ్యి తలుపు మీదికి పోయింది. నేను తప్పు పట్టను. ప్లేగులో ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్న తల్లి ఆమె.

తిరిగి వచ్చాను. గల్లీ అంతా చీకటి. కాలువలో నీళ్ల చప్పుడు. మా అర్ర ముందరికి రాగానే వాసన వచ్చింది. వేపాకు పొగ. ప్లేగు రోజుల్లో ఇంటింటా వేసేవారు చూడండి, ఆ పొగ. పక్కింటి తలుపు ఓరగా తీసి ఉన్నది. లోపల ఎర్రటి వెలుగు. దీపం వెలుగు కాదు, పొయ్యి వెలుగు.

తాళం ఏమైందని నేను ఆలోచించలేదు. బిడ్డ ఒక్కతే నా కళ్ల ముందుంది.

"నిప్పా?" అన్నది లోపలి నుంచి ఒక ఆడమనిషి. మెల్లగా.

"అవునమ్మా. పిల్లకు జరమచ్చింది."

"పెంకు వట్టు."

సందులోంచి చెయ్యి వచ్చింది. మోచేతి దాకే కనపడ్డది. ఆకుపచ్చ గాజులు. నిప్పుకలు పెంకులో పడ్డాయి... చప్పుడు కాలేదు.

"ఏం వండుతవ్?"

"గట్క."

"మాకింత పెట్టు. మేం నలుగురం. తినక శాన దినాలైంది."

సరే తల్లీ అన్నాను. ఇంకేమంటాను? అయినవాళ్లు నీళ్లు పోస్తే కానివాళ్లు నిప్పు ఇచ్చారు. లోపలికి వచ్చి గొళ్లెం పెట్టాను. తడి పిడక మీద వేస్తే కూడా అంటుకుంది. అమ్మకు దండం పెట్టుకున్నాను. జొన్న రవ్వ పోసి గట్క కలిపాను. బిడ్డ కాళ్లు పొయ్యి వైపు పెట్టి రుద్దాను. వేడెక్కాయి. ఆ క్షణంలో నా అంత భాగ్యవంతురాలు లేదనుకున్నాను.

తర్వాత చూశాను.

పిడక ఎర్రగా ఉంది, కానీ తరగడం లేదు. బూడిద రాలడం లేదు. పొగ లేదు, వేపాకు వాసన ఉంది. పెంకు అడుగు ముట్టుకున్నాను. నిప్పు తెచ్చిన పెంకు... చల్లగా ఉన్నది. గోదారి అడుగు మట్టి లెక్క.

దీపాలు పెట్టినంక ఎవరన్న నిప్పు ఇస్తరా? ఉమాబాయి మాట చెవిలో పడ్డది. దీపం పెట్టుకునే ఇంట్లో ఎవరూ ఇవ్వరు. మరి ఇచ్చిన ఇంట్లో...

గోడ మీద తట్టారు. పక్కింటి లోపలి నుంచి.

"అయ్యిందా?"

నీళ్ల చెంబు చేతిలోకి తీసుకున్నాను. ఒక్కసారి పోస్తే ఆరిపోతుంది. మా యారాలు పోసినట్టే. కానీ బిడ్డ కాళ్లు ఆ నిప్పుకే వేడెక్కాయి. ఆర్పితే తెల్లారేదాకా ఉంటుందా? చెంబు కింద పెట్టేశాను.

"అయ్యిందా?"

ఈసారి గోడ కాదు. తలుపు అవతల.

మాహూర్ భండారు, అమ్మవారి పసుపు, కొంగున ముడేసి ఉంది. బిడ్డ నొసట పెట్టాను, నాకు పెట్టుకున్నాను. మోదుగాకు మీద గట్క ముద్దలు పెట్టాను. అమ్మ పేరు మీద ఏది పెట్టినా అయిదు పెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. అలవాటుగా అయిదే పెట్టాను. తలుపు బెత్తెడు తీసి, ఆకు బయటికి నెట్టి, గొళ్లెం వేసుకున్నాను. తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను.

తినే చప్పుడు మొదలైంది. ఆకలి మీద ఉన్నవాళ్లు తినే చప్పుడు. ఒకరు. ఇద్దరు. మూడోది ముసలి నోరు. నాలుగోది పిల్లది...

అయిదోది విన్నాను.

అది తలుపు అవతల కాదు. అర్రలోనే. పొయ్యి పక్కన.

నేను అటు చూడలేదు. కళ్లు మూసుకొని అమ్మా అమ్మా అనుకుంటూ కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు.

తెల్లవారి మా ఇంటాయన పిలిస్తే లేచాను. నది అవతల దూది గింజలు తీసే జిన్నులో పని దొరికిందని నవ్వుకుంటూ వచ్చాడు. గడప బయట ఆకు నాకినట్టు ఉంది. అయిదు ముద్దలూ లేవు. పక్కింటికి తుప్పు తాళం ఎప్పటిలాగే ఉంది. బిడ్డ పడుకోబెట్టిన చోటనే పడుకుంది. జ్వరం లేదు. పెదాలకు మాత్రం గట్క అంటి ఉంది. నేను పెట్టలేదు.

ఆ వారమే అక్కడి నుంచి వచ్చేశాం. తర్వాత తల్లి దయ చూసింది. ఈ ఇల్లు కట్టుకున్నాం. బావ పోయేముందు కబురు పంపితే పోయాం, ఒకరినొకరు పట్టుకొని ఏడ్చాం. ఆ రాత్రి సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఇంటాయనకు చెప్పలేదు. బిడ్డకు అసలే చెప్పలేదు. మీకే చెప్పడం.

ఎందుకు చెప్తున్నానంటే, మొన్న మంగళవారం రేణుక ఇంటికి పోయాను. ఆమె, అల్లుడు, ఒక్క మనవడు, ఇంట్లో ఉండేది ముగ్గురు. దీపాలు పెట్టింది. బయట వాన. తలుపు తట్టిన చప్పుడు నాకైతే వినపడలేదు. ఆమె లేచి పొయ్యిలోంచి రెండు నిప్పుకలు తీసి, తలుపు ఓరగా తెరిచి, చెయ్యి బయటికి చాపింది. ఇప్పుడు ఇంటింటికీ అగ్గిపెట్టె ఉంది కదా, నిప్పు అడిగేవాళ్లెవరు?

"దీపాలు పెట్టినంక ఇయ్యొద్దు బిడ్డా," అన్నాను.

"ఊకో అవ్వా," అన్నది రేణుక. "ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండ్రట, పాపం."

మళ్లీ బయటికి వంగి, మెల్లగా అడిగింది.

"ఏం వండుతవ్?"

వాన చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. ఆమెకు వినపడింది. తల ఊపింది.

"మాకింత పెట్టు," అన్నది నా బిడ్డ. "మేం అయిదుగురం."