127 తర్వాత సున్నా

షేర్ ఆటో ఎక్కినవాళ్లు తొమ్మిది మంది. గోదావరిఖని చౌరస్తాలో దిగినవాళ్లు ఎనిమిది మందే. తొమ్మిదో మనిషి వేదవ్యాస్ ఇనుప కమ్మీకి తల ఆనించి నిద్రపోతున్నట్టే ఉన్నాడు. మెడ మీద మాత్రం సూది గుచ్చిన ఎర్రటి చుక్క.

అప్పుడు పగలు మూడు గంటలు. మూడూ ఇరవైకి, కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలకు సి లాంగ్వేజ్ చెబుతున్న యమున చేతి వాచీ మూడుసార్లు అదిరింది. ఆమె వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

"కోడ్?" వాచీలోంచి చీఫ్ గొంతు.

"తంగేడు పూసింది."

"వేదవ్యాస్‌ను చంపేశారు. ఎర్రవాగు బొగ్గు బాయిలో గ్యాస్ మానిటర్ ప్రోగ్రాం రాసింది అతనే. కోబాల్ట్ ముఠా అందులో ఏదో మార్చింది. గ్యాస్ నిండాక బ్లాస్టింగ్ జరిగితే బాయి పేలుతుంది. బొగ్గు ఆగుతుంది, వెంట కరెంటూ ఆగుతుంది. వాళ్లకు కావలసింది అదే."

"బ్లాస్టింగ్ ఎప్పుడు సార్?"

"ఐదింటికి."

"బాయి ఆపించండి!"

"రుజువు లేనిదే ఎవరూ ఆపరు. మన సాత్విక అక్కడే ఉంది. వెళ్లు."

యమున సంచి భుజాన వేసుకుంది. రెండో షిఫ్టులో అరవై రెండు మంది దిగి ఉంటారు. వాళ్ల సర్దార్ ఆమె తండ్రి ఆగయ్య. బిడ్డ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటోందనే ఇప్పటికీ ఆయన నమ్మకం.

నాలుగూ ముప్పావుకు బాయి గేటు దగ్గర లస్మవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. అగ్గిపెట్టె, బీడీ, లైటర్ ఏదీ గేటు దాటి పోకుండా చూడటం ఆమె డ్యూటీ. దొరికినవి రేకు పెట్టెలో వేసి, బదులుగా నంబరున్న ఇత్తడి బిళ్ల ఇస్తుంది.

"ఏందే, ఆగయ్య బిడ్డెవైతే తలాషీ లేదా? సంచి చూపెట్టు."

"కంప్యూటర్ ఖరాబైందట అవ్వా, జల్ది పోవాలె."

సంచి తెరుస్తూ యమున రేకు పెట్టెలోకి చూసింది. బీడీ కట్టల మధ్య బంగారు రంగు లైటర్.

"ఇదెవలది?"

"నల్లద్దాల మేడంది. అడుగుదామంటే ఆమె ఫోన్ల మాట్లాడుడు ఆపదు. నేనే తీసి సంచిల బిళ్ల ఏసిన."

నల్లద్దాల మేడం అంటే సాత్వికే. ఆమె సిగరెట్ తాగదు.

కంట్రోల్ రూంలో సెంటు వాసన. సాత్విక నల్లద్దాలు తలపైకి తోసి నవ్వింది. "అంతా బాగుంది యమునా. గ్యాస్ సున్నా. చూడు."

తెర మీద సున్నా, పక్కన పచ్చ దీపం. బాయిలో పుట్టి పెరిగిన ఏ మనిషీ ఆ సున్నాను నమ్మడు. గ్యాస్ లేని బాయి, కోపం లేని దొర ఉండరని ఆమె బాపు వందసార్లు అన్నాడు. కానీ ఈ గ్యాస్ మిషన్ వచ్చిన నాటి నుంచి, గ్యాస్ చూసే దీపాన్ని బాపు కూడా ల్యాంపు రూంలోనే వదిలి దిగుతున్నాడు.

ఆమె ప్రింటర్ కాగితం లాగింది. 119. 124. 127. ఆ తర్వాత అన్నీ సున్నాలే.

నూట ఇరవై ఏడు! రోజూ పిల్లలతో బట్టీ పట్టించే అంకె. యమున ప్రోగ్రాం తెరిచింది. గ్యాస్ విలువ దాచుకునే చోట 'చార్' అని ఉంది. చార్ అంటే ఎనిమిది బిట్ల చిన్న డబ్బా. దాని ముందు 'అన్‌సైన్డ్' అని ఉంటే 255 దాకా పడుతుంది. అది తీసేస్తే ఒక బిట్టు ప్లస్సో మైనస్సో చెప్పడానికే పోతుంది. 127 దాటిన అంకె మైనస్‌లోకి పడిపోతుంది. మైనస్ వస్తే తెర మీద సున్నా చూపమని కింద ఇంకో లైను చేర్చారు. సైరన్ మోగాల్సింది 150 దగ్గర. ఈ డబ్బాలో 150 ఎన్నటికీ పట్టదు.

నాలుగూ యాభై తొమ్మిది. బాయిలోకి ఫోన్ ఎత్తింది. మూగ.

"వైరు కోశాను," వెనక నుంచి సాత్విక. "వేదవ్యాస్ కూడా నీలాగే తెలివైనవాడు. కీబోర్డు మీంచి చేతులు తియ్యి."

సాత్విక చెయ్యి హ్యాండ్‌బ్యాగులో లైటర్ కోసం వెతికింది. చూడటానికే లైటర్, నిజానికి ఒకే గుండు పట్టే పిస్తోలు అది. చేతికి మాత్రం ఇత్తడి బిళ్ల వచ్చింది. నంబరు నలభై ఒకటి. ఆమె దాన్ని తిప్పి చూసింది, మళ్లీ తిప్పింది.

ఆ రెండు క్షణాల్లో యమున వేళ్లు ఎనిమిది అక్షరాల 'అన్‌సైన్డ్' కొట్టి, ప్రోగ్రాం నడిపే కంట్రోల్ ఎఫ్‌నైన్ నొక్కాయి.

తెర మీద 171.

సైరన్ మోగింది. కింద మందుగుండు పేల్చే షాట్ ఫైరర్ చెయ్యి మీట మీంచి లేచింది. ఇంకో అర నిమిషమైతే ఐదు.

సాత్విక గేటు దాకా పరుగెత్తింది. అక్కడ లస్మవ్వ ఆమె మణికట్టు పట్టుకుంది. "బిళ్ల ఇయ్యకుంట యాడికి పోతవ్ మేడం?" చీఫ్ మనుషులు వచ్చేదాకా ఆ పట్టు సడలలేదు.

ఆరింటికి ఆగయ్య మసి మొహంతో పైకి వచ్చాడు. చేతి వాచీని యమున చున్నీ కింద దాచుకుంది.

"ఎవలో కంప్యూటర్‌ను ఆగమాగం చేసిండ్రట. షిఫ్టంత ఖరాబాయె," అన్నాడాయన.

"బాపూ, రేపటి సంది దీపం తీస్కపో."

"దీపమెందుకే పిల్లా, మిషన్ ఉండంగ?"