‘రాలేదు’ అన్న మాటకు రెండర్థాలు

పొద్దున్న తొమ్మిదింటికే టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని స్పానిష్ పాఠం అప్పజెబుతోంది. ఇంకో గంటలో వియ్యపురాలు వస్తుంది. పిల్లల పెళ్లయిన రెండేళ్లకి ఇద్దరూ ఎదురుపడటం ఇదే మొదలు. ఆవిడకేమో స్పానిష్ తప్ప ఇంకో ముక్క రాదు.

“ముందా సూదులు తియ్యమ్మా, మింగుతావ్!” అంది కూతురు బుల్లి. “నో పుదె. అంతే చాలు. పెళ్లికి రాలేకపోయానని అర్థమైపోతుంది.”

“పుదె... పుదీనాలో పుదె. అసలు వీలుపడటాన్ని పొదేర్ అని మొదలెట్టి మధ్యలో పుదె ఏంటే? ఇదేం క్రియే, చెప్పిన మాట వినదు!”

“మనది మాత్రం వింటుందా? ‘వచ్చాను’లో ఉన్న ‘వ’ ‘రాలేదు’లో ఏదీ?”

“నీకు అక్షరాలు దిద్దించినందుకు నాకే బడి పెట్టావ్,” అని నవ్వి, టైలరమ్మ కూతురు రాసిచ్చిన కాయితంలో కింది వరుస మీద వేలు పెట్టింది. “మరి ఈ నో కీసె ఏంటి?”

“అది నీకక్కర్లేదులే.”

“చెప్పవే!”

బుల్లి తల పక్కకి తిప్పుకుంది. “మనం ‘అమ్మ రాలేదు’ అంటే, రాలేని అమ్మా అందులోనే దాక్కోవచ్చు, రాని అమ్మా దాక్కోవచ్చు. వాళ్లకలా కుదరదు. పుదె అంటే వీలుపడలేదని. కీసె అంటే... పిలిచినా రానన్నానని.”

టైలరమ్మ కాయితం మడిచేసింది. ఆ పెళ్లి జరిగింది రెండు వీధుల అవతలే. భాష కలవని ఇంట్లో పిల్లనిస్తే నలుగురూ నవ్వరా అని భీష్మించుకుని, ఆ పూటంతా షాపులో కూర్చుని ఎవరివో ప్యాంట్లు కుట్టింది మహాతల్లి. కూతురేమో పెళ్లిబట్టల్లో నిలబడి, అడిగినవాళ్లందరికీ “అమ్మకి మోకాళ్ల నొప్పి” అని చెప్పుకుంది. ఇప్పుడు గుట్టు బయటపడితే అత్తగారి ముందు అబద్ధాలకోరయ్యేది ఆ పిల్లే.

వియ్యపురాలు అన్నట్టే పదింటికి వచ్చింది. పొట్టి మనిషి, నవ్వు మొహం. కూర్చుంటూనే సంచిలోంచి ఊలు తొడుగులు రెండు తీసి, టైలరమ్మ మోకాళ్ల వైపు చూపించి ఏదో అంది.

“నీ కోసమే అల్లిందట. నొప్పికి వెచ్చగా ఉంటాయి, తొడుక్కోమంటోంది,” అంది బుల్లి.

టైలరమ్మ వేళ్లకి పని తెలుసు. ఎన్ని వారాల పనో తడిమితేనే తెలిసింది. లేని నొప్పికి ఒక మనిషి కళ్లు పొడుచుకుని అల్లింది! ఆమెకి తల కొట్టేసినట్టయింది. పుదె నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“నో కీసె,” అంది.

“అమ్మా! పుదె... పుదె అనాలి!”

“కాదే. నేనే రానన్నాను. మా పిల్ల నా పరువు కోసం అబద్ధమాడింది, తప్పు నాది. అలాగే చెప్పు ఆవిడకి.”

బుల్లి చెప్పలేక చెప్పింది. వియ్యపురాలు నిదానంగా తలూపి, “లో సూపె,” అంది.

“ఏమంటోందే?”

“తెలిసింది, అంటోంది. ఆ రోజే. నీ ఫొటో ముందే చూసిందిగా. పెళ్లికొస్తూ మన షాపు ముందు నుంచే వచ్చిందట. నువ్వు మిషన్ తొక్కుతున్నావట... రెండు కాళ్లతోనూ.”

“అయ్యో! తెలిసి మరి ఇవెందుకు అల్లింది?”

బుల్లి అడిగింది. జవాబు వింటుంటేనే ఆమె కళ్లు నిండిపోయాయి. “కోడలి మాట నలుగురిలో తేలిపోకూడదనట. ఎవరడిగినా, ఇదిగో, వియ్యపురాలి మోకాళ్లకే అల్లుతున్నానని చూపించేదట.”

టైలరమ్మ భోరుమంది. “కన్నది నేను, కడుపులో పెట్టుకున్నది ఆవిడ! నా నొప్పి మోకాళ్లలో లేదే బుల్లీ, పొగరులో ఉంది. నీ పెళ్లి చూడని కళ్లు ఇవి. నన్ను క్షమించవే.”

“ఊరుకో అమ్మా,” అంటూ బుల్లి ఆమెని వాటేసుకుని తనూ ఏడ్చింది.

వియ్యపురాలు వంగి ఆ తొడుగులు తనే తొడిగింది. ఎడమది కాస్త వదులైంది. చిన్న కుట్టు వేస్తే సరిపోయేది. ఆవిడ చేతి అల్లికకి టైలరమ్మ తన సూది తగలనివ్వలేదు.