కళింగపట్నంలో మోగని సైరన్

చీపురుపల్లి స్టేషన్‌లో రైలు దిగుతుండగానే అప్పలసూరిని కాల్చి చంపారు. అతను కళింగపట్నం రాడార్ కేంద్రంలో కంప్యూటర్ నిపుణుడు. సీక్రెట్ ఏజెంట్ నరసింగరావుకి స్వయానా బావ.

"ఈ సాయంత్రం ఒక విదేశీ ఓడ మన తీరంలో ఎక్కడో ఆయుధాలు దింపబోతోంది" అన్నాడు చీఫ్ జగన్నాధం నరసింగరావుతో. "రాడార్‌కి అది చిక్కగానే కంప్యూటర్ సైరన్ మోగించాలి. ప్రోగ్రామ్‌ని మెషీన్ భాషలోకి తర్జుమా చేసే కంపైలర్‌ని మీ బావ పాత మెషీన్ నుంచి కొత్త మెషీన్‌కి మార్చాడు. ప్రోగ్రామ్‌లో ఏదో దగా ఉందని నిన్న ఫోన్ చేశాడు. అక్కడ పద్మకుమారి మన ఏజెంటే. వెళ్తావా?"

"వెళ్తాను సార్."

ఇంటి గుమ్మంలో అక్క లక్ష్మణమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఒరే తమ్ముడా, మీ బావ పోనాడు. ఏటి అలా సూస్తన్నావు? ఏడవ్వేటిరా?"

ఏడుపు రాలేదు. ఖాకీ ఓవరాల్ తొడుక్కుని, మెయింటెనెన్స్ ఇంజనీర్ వేషంలో బయల్దేరాడు.

"సముద్రం ఎలా ఉంది?" అని రాడార్ కేంద్రంలో ఎదురొచ్చిన అమ్మాయిని అడిగాడు.

"కెరటాలు లేవు." కోడ్ సరిపోయింది. పద్మకుమారి అందంగా నవ్వింది. "తప్పు కంపైలర్‌లోనే ఉంది. సరిచేయడానికి వారం పడుతుంది."

బావ నేర్పిన విద్యతో నరసింగరావు ప్రోగ్రామ్ ఉన్న చిల్లుల పంచ్ కార్డులు తిరగేశాడు. కొత్త కంపైలర్ పొడవాటి పేర్లను కత్తిరిస్తోంది. సైరన్ మోగించే చిన్న ప్రోగ్రామ్ ముక్కని, అంటే రొటీన్‌ని, ప్రోగ్రామ్ ఒక పేరుతో పిలుస్తోంది; లైబ్రరీలో అది ఇంకో పేరుతో ఉంది. ముక్కలన్నీ కలిపే లింకర్ దాన్ని పట్టుకుని గోల పెట్టాలి. కానీ ఒక్క ఎర్రరూ లేదు.

లింకర్ ఆప్షన్ కార్డు చూశాడు. 'రొటీన్ దొరక్కపోయినా ఫర్వాలేదు, కానియ్' అని దాని అర్థం; ఎవరో కావాలనే పెట్టారు. ఓడ కనిపించినా ప్రోగ్రామ్ శూన్యంలోకి దూకి ఆగిపోతుంది. ఆ కార్డు తీసేసి, రెండు పేర్లనూ ఒకటి చేసే కార్డు పంచ్ చేసి పెట్టాడు.

"అక్కడే ఆగు." పద్మకుమారి చేతిలో లిప్‌స్టిక్ గొట్టం. లోపల సన్నని తుపాకీ. "మీ బావా సరిగ్గా ఇక్కడిదాకా వచ్చాడు."

కోపం రావాలి. రాలేదు. కార్డుల కట్టని రీడర్‌లో పెట్టి బటన్ నొక్కాడు. గుండు భుజంలో దిగింది. నొప్పీ తెలియలేదు. ఇనుప ట్రేతో ఆమె మణికట్టు మీద కొట్టి తుపాకీ లాక్కున్నాడు.

రాడార్ తెర అంచున చుక్క వెలిగింది. ప్రింటర్ టకటకలాడి ఆగింది. మరుక్షణం తీరమంతా అదిరేలా సైరన్ మోగింది. మొదటి ఆయుధాల పెట్టెని పడవలోకి దింపుతుండగా నేవీ బోట్లు ఓడని చుట్టుముట్టాయి.

ఫోన్‌లో చీఫ్ గొంతు. "శభాష్! ఎలా ఉన్నావు?"

నరసింగరావు రక్తంతో తడిసిన ఓవరాల్ వైపు చూసుకున్నాడు.

"ఆకలేస్తోంది సార్."

"అయితే బతికే ఉన్నావన్నమాట" అన్నాడు చీఫ్.