నెత్తుటి అఖాతంలో ఖాళీ తెడ్డు

మల్ దీవికి ఉత్తరాన నెత్తుటి అఖాతం. పొద్దుగూకాక అక్కడ చీకట్లోంచి "ఎవరివాడివి?" అని వినిపిస్తే నోరు మెదపకూడదు. నాబోటి శూరులకు ఆ చిక్కే లేదు — పట్టపగలు కూడా కొండ చుట్టి నడిచే పోతాం.

అరవై ఏళ్ళ కిందట, దీవుల పెత్తనం కోసం ఒక తండ్రీ కొడుకూ అక్కడ ఓడలతో కొట్టుకున్నారు. ఇంట్లో అరుచుకుంటే గోడలు చాల్లేదు కాబోలు, సముద్రానికెక్కారు. తగువు వాళ్ళది, మునక మనవాళ్ళది. ఒకే కుండలో గంజి తాగినవాళ్ళు చెరో ఓడా ఎక్కి, వరసలు పెట్టి పిలుచుకుంటూ మరీ పొడుచుకున్నారట.

ఈమధ్య ఒక రాత్రి మా ఊరి ఫెరహర్‌కు కొండ చుట్టే తీరిక లేకపోయింది. పెళ్ళాం బెహాక్‌కు నొప్పులు. అంతకుముందు ఇద్దరు పుట్టారు, దక్కలేదు. అవతలి ఒడ్డు నుంచి మంత్రసాని ఊనాను పడవెక్కించుకుని బయల్దేరాడు.

సగం దాటారు. గాలి ఆగింది...

ఎడమ పక్క తెడ్ల చప్పుడు. కుడి పక్కా అదే. ఓడలు మాత్రం లేవు.

"ఎవరివాడివి?"

ఊనా అతని మోకాలు గిల్లింది. కానీ ఆ దీవుల్లో మగాడు తిండి మానగలడు గాని, అడిగితే వంశం చెప్పకుండా ఉండలేడు. పైగా వణుకులో నోరు దానంతటదే ఆడింది. "ఫెరహర్ని... లఖ్లన్ కొడుకుని, టోర్కిల్ మనవణ్ణి..."

"చెప్పావూ? ఇక చావు," గొణిగింది ఊనా.

ఎడమ నుంచి గొంతు — టోర్కిల్ మావాడే, తండ్రి పక్షం, మునగకుండా తప్పించుకుపోయాడు, అతని తెడ్డు ఖాళీగా ఉంది, వాళ్ళింటి మగాడొకడు పట్టాలంది. ఫెరహర్ కళ్ళు మూసుకున్నాడు.

"నువ్వెందుకురా? నీ తెడ్డు వాటం చూస్తూనే ఉన్నాం," అంది గొంతు. "మంత్రసానిని తీసుకుపోతున్నావుగా. పుట్టేవాడు మావాడు."

"ఎట్లా అవుతాడు?" కుడి వైపు ఇంకో గొంతు. "వాడి పెళ్ళాం తాత మునిగింది మా ఓడలో. పిల్లాడు కొడుకు పక్షం."

"నీ మొహం. తల్లి తరఫు లెక్కేమిటి?"

"నీ తండ్రి పక్షం ఏం నెగ్గిందని?"

అంతే... చీకట్లో కత్తి కత్తికి తగిలింది. అరవై ఏళ్ళకు మళ్ళీ కారణం దొరికింది. ఆ సందట్లో ఊనా రెండో తెడ్డు లాక్కుంది. ఇద్దరూ చచ్చీచెడీ ఒడ్డున పడ్డారు.

గడప బయట ఫెరహర్ తలపట్టుకుని కూర్చున్నాడు. కొడుకు పుట్టకూడదని మొక్కుకున్న మగాడు ఆ దీవుల్లో అతనొక్కడే.

లోపల కేరుమంది.

ఊనా బయటికొచ్చి చేతులు తుడుచుకుంది. "ఆడపిల్లయ్యా. వాళ్ళ ఓడలకు పనికిరాదు. గట్టిపిల్ల, బతుకుతుంది."

ఫెరహర్ నవ్వాడో ఏడ్చాడో ఊనాకే తెలియదు.

అఖాతంలో కొట్లాట మాత్రం ఆగలేదు. ఇప్పటికీ గాలి పడిపోయిన రాత్రుల్లో వినిపిస్తుంది. పుట్టింది ఆడపిల్లేనని ఎవరైనా వెళ్ళి ఒక్క మాట చెబితే ఆగిపోతుందంటారు...

ఆ వెళ్ళేవాడే ఇంకా దొరకలేదు.