గోరంత ఫోకస్

"ఏవండీ, ఈ ఫొటోలో నేనెక్కడున్నానండీ?"

ఏలూరు పవర్‌పేటలోని స్టూడియో కౌంటర్ మీద ఫొటో పెట్టి అడిగింది రూబీ. ఆకివీడు నుంచి పొద్దున్నే బస్సులో నిలబడి వచ్చిన కోపం ఆమె గొంతులో ఇంకా తాజాగా ఉంది.

నెహెమ్యా ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. ఎడమ చెవి జూకా ఒక్కో రాయీ లెక్కపెట్టేంత స్పష్టంగా మెరుస్తోంది. ముఖం మాత్రం పొగమంచులో ఉంది.

"జూకా చాలా బాగా వచ్చిందండీ," అన్నాడు మెల్లగా.

"పెళ్లి నాకండీ, జూకాకి కాదు."

నాలుగు రోజుల క్రితం తల్లి మణెమ్మతో కలిసి వచ్చి తీయించుకున్న ఫొటో అది. తాడేపల్లిగూడెంలో ఒక బ్యాంకు ఉద్యోగి సంబంధం ఉంది. వాళ్లు ఫొటో పంపమన్నారు. రూబీ ఆకివీడులో సైన్సు టీచరు. తండ్రి పోయాక తల్లికి ఆ అమ్మాయి పెళ్లి తప్ప వేరే ఆలోచన లేదు.

"తప్పు లెన్సుదండీ," అన్నాడు నెహెమ్యా, కెమెరా బయటికి తీస్తూ. "ఇది మా నాన్నగారు ఫిల్ము కెమెరాకి వాడిన లెన్సు. నాకంటే పదేళ్లు పెద్దది. మధ్యలో ఒక అడాప్టరు వేసి డిజిటల్ కెమెరాకి బిగించాను. ఫిఫ్టీ ఎమ్మెమ్, వన్ పాయింట్ ఫోర్. పూర్తిగా తెరిస్తే గోరంత మేరే స్పష్టంగా ఉంటుంది. దాని ముందూ వెనకా అంతా కరిగిపోతుంది. ఫోకస్ కూడా లెన్సు మీది రింగుని చేత్తో తిప్పి కుదుర్చుకోవాలి."

"ఆ గోరంతలో నా ముఖానికి చోటు దొరకలేదన్నమాట. మామూలు లెన్సు లేదా మీ దగ్గర?"

"ఉందండీ. దాంతో తీస్తే అందరూ ఒకేలా ఉంటారు."

రూబీ ఫొటోని మళ్లీ కవర్లో పెట్టింది.

"సరే. ఇంకోసారి తియ్యండి," అంది.

స్టూలు మీద కూర్చోబెట్టి పన్నెండు ఫొటోలు తీశాడు. ఊపిరి బిగబట్టి, రింగు వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ తీశాడు. కెమెరా వెనకున్న బుల్లి తెర మీద అన్నీ బాగానే కనిపించాయి. ఆమె బస్సెక్కాక కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే ఒకదాంట్లో జడ, ఇంకోదాంట్లో చెవి, మరోదాంట్లో భుజం మీది పిన్నీసు స్పష్టంగా ఉన్నాయి. పన్నెండింటిలో ఒక్కదాంట్లో కూడా కళ్లు లేవు.

మర్నాడు మణెమ్మ ఫోన్ చేసింది.

"బాబూ, గూడెం వాళ్లు మళ్లీ అడిగారు. ఏమైంది ఫొటో?"

"లెన్సు కొంచెం మొరాయిస్తోందండీ."

"ఆ లెన్సుతోనే తియ్యి బాబూ. వెనక గోడ ఎంత బాగా కరిగిపోయిందో! పిల్ల ముఖం కూడా వస్తే ఇంక వంక పెట్టేదేముంటుంది? శనివారం రా. కొల్లేటి గట్టు మీద వెలుతురు బాగుంటుందంటోంది రూబీ."

ఫోన్ పెట్టేశాక నెహెమ్యా బల్ల మీద ఒక స్కేలు ఏటవాలుగా ఆనించాడు. పదిహేను అంకె మీద ఫోకస్ చేసి తీశాడు. పదిహేనే వచ్చింది. ఇరవై మీద చేస్తే ఇరవై. పదిసార్లు తీశాడు. లెన్సు ఒక్కసారీ తప్పలేదు.

'మరి తప్పు నా చేతిదా?' అనుకుని బెంగపడ్డాడు. పెళ్లిళ్ల సీజను ముందుంది మరి.

శనివారం సాయంత్రం కొల్లేటి మీద మబ్బు పలచగా పట్టింది. నీళ్ల మీద వెలుతురు పాలలా పరుచుకుంది. దూరంగా పెలికాన్లు గుంపుగా దిగుతున్నాయి. గట్టుకి కట్టేసిన పడవ అంచున కూర్చుంది రూబీ, ఆకుపచ్చ చీరలో. మణెమ్మ కాస్త అవతల, ఒక చేపలామె బుట్ట ముందు కూర్చుని కొరమేనుల్ని ఎంచుతోంది.

నెహెమ్యా కన్ను కెమెరాకి ఆనించి రింగు తిప్పాడు. ఆమె కనురెప్పలు ఒక్కొక్కటీ తేలాయి.

"రెడీ అండీ," అన్నాడు. కానీ నొక్కలేదు.

చూస్తుండగానే కనురెప్పలు మసకబారాయి. చెవి వెనక జుట్టు స్పష్టమైంది.

మళ్లీ రింగు తిప్పి కళ్లు పట్టుకున్నాడు. "రెడీ అండీ." మళ్లీ కళ్లు మాయం.

నెహెమ్యా కెమెరా దించాడు.

"మీరు ముందుకి వంగుతున్నారండీ."

"పడవ కదండీ, ఊగుతుంది."

"స్టూడియోలో స్టూలు కూడా ఊగిందాండీ?"

రూబీ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికని అతనికి అర్థమయ్యేసరికి కాస్త ఆలస్యమైంది.

"గోరంతే స్పష్టంగా ఉంటుందని చెప్పింది మీరే. నేను రెండు గోళ్లంత కదిలాను," అంది.

"పన్నెండుసార్లా! నా చేతులు పోయాయేమోనని నాలుగు రోజులు అన్నం సయించలేదండీ నాకు."

ఆమె ముఖంలో అల్లరి తగ్గింది. "క్షమించండి. ఇప్పటికి రెండు సంబంధాలు వద్దన్నాను. ఇదీ వద్దంటే అమ్మ ఏడుస్తుంది. ఫొటో వెళ్లకపోతే దానంతటదే ఆగిపోతుందనుకున్నాను."

"అబ్బాయి మంచివాడు కాదా?"

"చాలా మంచివాడంటండీ. అదే చిక్కు."

నెహెమ్యాకి ఒక సందేహం మిగిలింది. "మరి మొదటిరోజు? అప్పటికి మీకు లెన్సు సంగతి తెలియదు కదా."

"మొదటిరోజు నేను కదల్లేదండీ. ఆ తప్పు పూర్తిగా మీదే."

అతను రింగుని ఊరికే అటూ ఇటూ తిప్పాడు.

"ఆరోజు ఫోకస్ చూసుకోలేదండీ. మిమ్మల్ని చూస్తూ నొక్కేశాను."

రూబీ నవ్వేసింది. ఈసారి ఆపుకోలేదు. అతని చేతులు అలవాటు కొద్దీ లేచాయి. ఒక్క క్లిక్.

ఆ చప్పుడుకి మణెమ్మ లేచి వచ్చింది. "వచ్చిందా బాబూ?"

నెహెమ్యా తెర మీద ఫొటోని పెద్దది చేశాడు. కళ్లూ, రెప్పలూ, నవ్వుకి ముడుచుకున్న ముక్కూ. వెనక కొల్లేరంతా కరిగి వెండిలా ఉంది. రూబీ ఊపిరి బిగబట్టి అతని వైపే చూస్తోంది. రాలేదండీ అంటే ఈ రోజుకి గండం గడిచిపోతుంది.

"వచ్చిందండీ," అన్నాడు. "ఇంత మంచి ఫొటో నేనెప్పుడూ తియ్యలేదు. కానీ గూడెం పంపడానికి మాత్రం ఇవ్వలేనండీ."

"అదేం?"

"వాళ్లు ఒప్పేసుకుంటారని భయమండీ."

మణెమ్మ అతన్ని చూసింది. కూతుర్ని చూసింది. రూబీ పడవలో చెక్కలు లెక్కపెడుతోంది.

"ఏమే, అతనంటే నీకిష్టమేనా?"

రూబీ తలెత్తకుండానే ఊపింది.

"ఇదా సంగతి! ఆకివీడులో మూడు స్టూడియోలున్నాయి, ఏలూరెందుకే అంటే, అక్కడ లైటింగ్ బాగుంటుందన్నావు. ఆ లైటింగ్ ఇదన్నమాట."

"అమ్మా!"

"ఎన్నాళ్లుగా?"

"స్కూలు వార్షికోత్సవానికి ఫొటోలు తియ్యడానికి వచ్చినప్పట్నుంచి," అంది రూబీ చాలా చిన్నగా. నెహెమ్యా నోరు తెరిచాడు. వార్షికోత్సవం జరిగి ఎనిమిది నెలలైంది. ఆరోజు అతను ఈమెని చూడనే లేదు.

"వద్దంటే ఏడుస్తాననా నాతో చెప్పలేదు? ఇలా దాస్తే ఏడవనా?" అంది మణెమ్మ. రూబీ పడవ దిగి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. మణెమ్మ ఆ చెయ్యి విదిలించలేదు. కాసేపటికి కెమెరా అందుకుని ఆ ఫొటోని చాలాసేపు చూసింది.

"మీ నాన్న పోయాక ఇలా నవ్వలేదు నువ్వు," అంది. తర్వాత నెహెమ్యా వైపు తిరిగింది. "అమ్మా నాన్నా ఉన్నారా బాబూ?"

"ఉన్నారండీ. నాన్నగారు రాజరత్నం గారు. స్టూడియో ఆయనదే."

"గూడెం వాళ్లకి నేనే చెప్పుకుంటాను. రేపు ఆదివారం ఆరాధన అయ్యాక మీ అమ్మానాన్నల్ని మా ఇంటికి తీసుకురా. కొరమేను పులుసు పెడతాను." రెండడుగులు వేసి ఆగింది. "ఆ కెమెరా మాత్రం తేకు. చూసిన ప్రతిసారీ దాని వెనకే ఉంటున్నావు. నీ ముఖం నేనింకా సరిగ్గా చూడలేదు."

"నేను చూశానులేమ్మా," అంది రూబీ.