ఆసక్తికి కోచింగ్

కృష్ణాతీర విశ్వవిద్యాలయంలో శాఖలు రద్దయి ఒక తరం గడిచింది. భౌతికశాస్త్రం, చరిత్ర, వైద్యం అన్న గోడలు లేవు. ప్రతి విద్యార్థీ తన చదువును తానే కూర్చుకోవాలి. ఒకడు వరదలనూ శిక్షాస్మృతినీ కలిపి చదివితే, మరొకతె వడ్రంగానికి ఎముకల వైద్యాన్ని జతచేసుకుంటుంది. ఆ కూర్పుకు ఆధారం డాక్టర్ నేమాని సుభాషిణి కనిపెట్టిన జిజ్ఞాసామాపిని. ప్రశ్నలు వినిపిస్తుండగా, నుదుటికి కట్టిన పట్టీ మెదడులోని న్యూరాన్ల స్పందనను కొలుస్తుంది. మనసు అబద్ధాన్ని అల్లుకునేలోపే కొలత పూర్తవుతుంది. కుతూహలం నిజమైతే పట్టీ నీలంగా వెలుగుతుంది. వెలిగిన అంశాలను అల్లి యంత్రం పాఠ్యక్రమాన్ని తయారుచేస్తుంది.

అటువంటి యంత్రం ఈ ఏడు దరఖాస్తుదారుల్లో ముప్పాతిక మందికి ఒకే పాఠ్యక్రమం ఇచ్చింది: పగడాల జీవశాస్త్రం, సముద్రగర్భ ఖనిజాలు, బీమా గణితం. సముద్రపు గనుల కంపెనీలు ఎగబడి ఉద్యోగాలిచ్చే కలయిక అది. మోసాన్ని సాయంత్రంలోగా నిరూపించకపోతే మాపినిని తొలగించి పాత ప్రవేశ పరీక్షను తిరిగి తెస్తామని పాలకమండలి సుభాషిణికి తేల్చి చెప్పింది. అందుకే ఆమె, వాళ్లలో ఎక్కువమందికి శిక్షణ ఇచ్చిన కోచింగ్ సంస్థ యజమాని దామోదరాన్నీ, అతని విద్యార్థిని ఇరావతినీ ప్రయోగశాలకు పిలిపించింది.

"పిల్లలకు ఏం మందు పెడుతున్నారు?"

దామోదరం కుర్చీలో వెనక్కి వాలాడు. "మందులూ మాకులూ మా దగ్గరుండవు మేడమ్. కావాలంటే రక్తం తీసి చూసుకోండి. మీ యంత్రం అబద్ధాన్ని పట్టేస్తుందని మీరేగా ఊరంతా చాటింది?"

"మరి ఇంతమందికి పగడాల పిచ్చి ఎలా పట్టింది?"

"పట్టించాం. ఆరో తరగతి నుంచీ మా హాస్టల్లోనే ఉంచుకుని. మీ పట్టీలే కొని కట్టాం. పగడాల పాఠం చూస్తూ పట్టీ వెలిగితే ఆ వారం అమ్మతో ఫోన్లో మాట్లాడిస్తాం. వెలక్కపోతే లేదు. ఏడాది తిరిగేసరికి, పాఠం కనపడితే చాలు, పిల్లలకి ప్రాణం లేచొస్తుంది."

"కుక్కలకు నేర్పినట్టు నేర్పారు. సిగ్గులేదూ?"

"తాళం మీరు చేశారు, చెవి మేం చేశాం. కోపం దేనికండీ?"

సుభాషిణి ఇరావతి నుదుటికి పట్టీ కట్టి, యంత్రం తెర మీద పగడాల పాఠం పెట్టింది; పట్టీ నీలంగా వెలిగింది. ఆమె యంత్రం వైపు తిరిగింది. "మాపినీ, ఈ అమ్మాయి కుతూహలం నకిలీదేనా?"

"నిజమైనదే. అది ఎలా పుట్టిందో కొలిచే ఏర్పాటు మీరు నాలో చేయలేదు."

"విన్నారుగా, మోసం లేదు," అన్నాడు దామోదరం. "పాత పరీక్షే తెచ్చుకున్నా మాకేం నష్టం లేదులెండి. దానికీ కోచింగుంది."

ఆమె అతన్ని వదిలి అమ్మాయి దగ్గరకు వెళ్లింది. "ఇరావతీ, ఈ శిక్షణ నీ మెదడులో వేసిన గాడిని చెరిపేయగలను. తర్వాత నీకు నిజంగా ఏది ఇష్టమో వెతుకుదాం."

ఇరావతి నుదుటి పట్టీని రెండు చేతులా అదిమిపట్టుకుంది. "వద్దండీ, మీకు దణ్ణం పెడతా. పగడాలు చూస్తే మా అమ్మ మాట్లాడినట్టే ఉంటదండీ. అదీ తీసేస్తారా?"

సుభాషిణికి ఒక మార్గం తోచింది. ఏ షరతూ లేకుండా తల్లి గొంతు వినిపిస్తే, పగడాలతో పడ్డ ఆ ముడి దానంతట అదే సడలుతుంది. తెరను ఆర్పేసి, తన ఫోన్ అమ్మాయి చేతికిచ్చింది. "ఏ పాఠమూ లేదు. ఊరికే మాట్లాడు."

"అమ్మా..."

"ఇరావతీ! ఈ వేళప్పుడు చేశావేంటే? వెలిగిందా? సీటు ఖాయమేనా?"

ఇరావతి ఆరిన తెర వైపు చూసింది.

"వెలగలేదా?" అవతలి గొంతు చల్లబడింది. "మరెందుకు చేశావు?"

అమ్మాయి ఫోన్‌ను అరచేత్తో మూసి సుభాషిణి వైపు చూసింది. "పగడాలు పెట్టండి మేడమ్. తొందరగా. అమ్మ ఫోన్ పెట్టేసిద్ది."

సుభాషిణి చేయి మీట మీదకు వెళ్లి, ఒక్క క్షణం ఆగి, నొక్కింది. తెర మీద ఎర్రని పగడాలు విచ్చుకున్నాయి. ప్రయోగశాల అంతా నీలి వెలుగు పరుచుకుంది.

"వెలిగిందమ్మా."

"నా బంగారు తల్లే!" అంది అవతలి గొంతు. "తిన్నావా?"